తేర తిండికి మరిగిన చేప

ఉచిత పథకాలు మనిషిని సోమరిని చేస్తాయని నేను చాలాకాలంగా మొత్తుకుంటున్నాను. 1983లో ఎన్టీఆర్ కిలో 2 రూపాయల బియ్యం పెట్టినప్పుడు నేను బ్యాంకులో కొత్తగా చేరాను. ఆ వారమే మా మేనేజరుగారు టీ తాగుతూ, "ఇక పొలంలోకి కూలీ దొరకడయ్యా" అన్నారు. ఆయనకు పొలం లేదు. అయినా ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. అప్పట్నుంచీ దానికి ఒక తిరుగులేని రుజువు కోసం వెతుకుతున్నాను. నలభై ఏళ్లు దాటాక దొరికింది. ఫిలిప్పీన్స్ సముద్రంలో, లైఫ్ జాకెట్ చెవుల దాకా ఎక్కిపోయి, నేను వెదురుబొంగు పట్టుకుని వేలాడుతుండగా.

అక్కడికెందుకు వెళ్లానంటే, మా బావమరిది కొడుకు సెబూ నగరంలో డాక్టరీ చదువుతున్నాడు. వాడు పిలుస్తూనే ఉన్నాడు గానీ నాకు మనసు రాలేదు. 2025 జూన్ నుంచి మనవాళ్లకి ఆ దేశంలో 14 రోజుల దాకా వీసా అక్కర్లేదన్నారు. వీసా ఫీజు లేదని తెలిశాకే నాకు ఫిలిప్పీన్స్ సంస్కృతి మీద ఆసక్తి పుట్టిందని మా ఆవిడ అందరితో చెబుతోంది. రెండూ ఒకే వారంలో జరిగిన మాట నిజమే.

సెబూ వెళ్లినవాడు వేల్ షార్క్‌ని చూడకుండా రాకూడదట. పేరులో వేల్ ఉన్నా తిమింగలం కాదు, సొరచేపే. భూమ్మీద ఉన్న చేపలన్నిటిలోకీ పెద్దది. 18 మీటర్ల దాకా పెరుగుతుంది, అంటే మన ఆర్టీసీ బస్సు కన్నా పొడవు. నోట్లో మూడు వేల దాకా పళ్లుంటాయి గానీ అవి బియ్యపు గింజంత కూడా ఉండవు, దేన్నీ కొరకలేవు. నోరు తెరిచి నీళ్లు లోపలికి లాగి, అందులోని నలుసుల్ని వడగట్టుకుని మింగుతుంది. మనుషుల్ని ఏమీ చెయ్యదు. ఈ సంగతి మా ఆవిడకి ముందే చెప్పాను, ఆవిడ మాత్రం "అది చదువుకుందా?" అంది.

తెల్లవారుజామున మూడింటికి హోటలు ముందు వ్యాన్ ఆగింది. పికప్ ఇంక్లూడెడ్. బ్రేక్‌ఫాస్టు ఇంక్లూడెడ్. టికెట్టు, కళ్లద్దాలు, గొట్టం, గైడు, లంచ్, తువ్వాలు, తర్వాత ఒక జలపాతం కూడా ఇంక్లూడెడ్. మా వాడు ఆ కాగితం చదివి వినిపిస్తుంటే ఏదో సూక్తం వింటున్నట్టు హాయిగా ఉంది. దక్షిణంగా మూడు గంటల పైన ప్రయాణం. ఓస్లోబ్ అనే మున్సిపాలిటీలో టాన్-అవాన్ అనే ఊరు. మేం చేరేసరికే చేతికి టోకెన్ నంబర్లు కట్టుకున్న జనం. ఆరింటికి కౌంటరు తెరిచారు. విదేశీయుడు నీళ్లలో దిగి చూడాలంటే 1000 పెసోలు, పడవలో కూర్చుని చూస్తే 500. మన లెక్కలో వెయ్యి పెసోలంటే దగ్గర దగ్గర పదిహేను వందలు. సన్‌స్క్రీన్ పూసుకున్నవాళ్లని షవరు కిందకి తోలారు. తాకకూడదు, నాలుగు మీటర్ల దూరం ఉండాలి, అరగంటే టైము అన్నారు. ఒక్క క్షణం దర్శనానికి పద్నాలుగు గంటలు నిలబడ్డ నాకు అరగంట అంటే నమ్మబుద్ధి కాలేదు. పైగా వెనక నుంచి నెట్టేవాళ్లు లేరు.

చేపలు అప్పటికే వచ్చేసి ఉన్నాయి, ఒడ్డు నుంచి రాయి విసిరితే పడేంత దూరంలో.

ఇక్కడే నాకు అనుమానం మొదలైంది. ఇంత పెద్ద జంతువు, అడవి జంతువు, పొద్దున్నే ఆరింటికి డ్యూటీకొచ్చినట్టు ఎలా వస్తుంది? మా బ్యాంకులోనే పది దాటితే గానీ ఎవరూ వచ్చేవారు కాదు. మా వాడిని అడిగాను.

"మేత వేస్తారు కదా మావయ్యా" అన్నాడు వాడు.

ఆ మేత పేరు ఉయప్. మన రొయ్యపొట్టే, కాకపోతే పచ్చిది. పూర్వం ఈ చేపలు ఆ పొట్టు కోసం వలల దగ్గరికి వచ్చి జాలర్లని విసిగించేవట. వాళ్లు గుప్పెడు పొట్టు ఆశ చూపించి పక్కకి మళ్లించేవాళ్లు. ఆ మళ్లించడం చూడ్డానికి జనం రావడం మొదలెట్టారు. 2011 చివరికల్లా అదే వృత్తి అయింది. రోజూ పొద్దున్న ఆరు నుంచి మధ్యాహ్నం దాకా, పండగలు లేకుండా, రొయ్యపొట్టు పంపిణీ. దరఖాస్తు అక్కర్లేదు, ఆదాయ ధ్రువపత్రం అక్కర్లేదు.

పాఠకులు నా సంతోషాన్ని ఊహించుకోవచ్చు. ఇంతకాలం నేను చెబుతున్నది ఇదే. మనుషుల మీద ప్రయోగం చేస్తే మానవ హక్కులవాళ్లు ఊరుకోరు. ఇక్కడ చేప మీద చేసి చూపించారు. 2012 మార్చి నుంచి 2013 డిసెంబరు దాకా పరిశోధకులు ఇక్కడ 158 చేపల్ని గుర్తించారట. చాలా వరకు వచ్చి పోయేవే, కొన్ని మాత్రం మేతకి అలవాటుపడి రోజూ హాజరు. ఆ 158లో ఎక్కువ భాగం ఇంకా ఈడు రాని మగవట. అంటే నిరుద్యోగ యువత. మా వీధి చివర టీకొట్టు దగ్గర ఉన్న దృశ్యమే, నీళ్లలో.

అదే జాతిలో కష్టపడేవీ ఉన్నాయి, అది కూడా చెప్పుకోవాలి. పనామా దగ్గర 2011లో ఒక ఆడ వేల్ షార్క్‌కి శాస్త్రవేత్తలు ట్రాన్స్‌మిటర్ కట్టి వదిలితే, 841 రోజుల్లో పసిఫిక్ మహాసముద్రం అడ్డంగా ఈది మరియానా అగాధం దాకా వెళ్లింది. 20 వేల కిలోమీటర్ల పైమాట. దానికి ఎవడూ పొట్టు వెయ్యలేదు. ఆడవాళ్లు కష్టపడుతుంటే మగవాళ్లు రచ్చబండ దగ్గర కూర్చున్నారన్నమాట అని మా ఆవిడ అంది. నేను విషయం మార్చాను. ఆవిడ 2025 ఆగస్టు నుంచి ఉచిత బస్సులో సింహాచలం వెళ్లొస్తోంది. ఆ అంశం మీద మా ఇంట్లో చర్చ నిషిద్ధం.

పడవ అంటే రెండు పక్కలా వెదురుబొంగులు కట్టిన సన్నటి నావ. మోటారు లేదు, తెడ్లే. పడవలన్నిటినీ వరసగా నిలబెట్టారు. వాటి ముందు నుంచి చిన్న దోనెలో ఒక మనిషి గుప్పెడు గుప్పెడు పొట్టు వేసుకుంటూ నెమ్మదిగా పోతాడు. చేప అతని వెనకే పోతుంది. అలా ప్రతి పడవ ముందు నుంచీ దాన్ని నడిపించుకెళ్తారు, ఎవరి ఫోటో వారికి రావాలి కాబట్టి. మంత్రిగారు పెద్ద అట్టముక్క చెక్కు పట్టుకుని లబ్ధిదారులతో ఫోటో దిగడం మీరు చూసే ఉంటారు. ఇక్కడ లబ్ధిదారు ఒక్కటే, మంత్రులు వందల మంది.

నేను దిగాను. గొట్టంలోకి నీళ్లొచ్చి అర లీటరు పసిఫిక్ తాగాను. దగ్గు తగ్గాక మొహం నీళ్లలో పెట్టి కళ్లు తెరిస్తే కింద నుంచి ఒక నేల కదిలి వస్తోంది. బూడిద నీలం రంగు వీపు మీద తెల్లటి చుక్కలు, చుక్కల మధ్య గీతలు. ధనుర్మాసంలో మా అమ్మ వాకిట్లో పెట్టే చుక్కల ముగ్గు, ఎవరూ తొక్కనిది, ఊపిరి పీలుస్తూ నా కాళ్ల కింద నుంచి వెళ్లిపోతోంది. మొదలూ కనబడలేదు, చివరా కనబడలేదు. చప్పుడు లేదు. కన్ను ఒకటి దాటింది, గోలీకాయంత. అది నా వైపు చూసిందో లేదో తెలీదు. ఉచిత పథకాల సంగతి, పెన్షను సంగతి, ఈ వ్యాసం సంగతి అన్నీ ఆ కాసేపు మర్చిపోయాను. పాఠకులు మన్నించాలి.

తర్వాత అది దోనె దగ్గరికి పోయి నిలువుగా నిలబడింది. తోక కిందకి, తల పైకి. మీటరు వెడల్పు నోరు తెరిచి, నీళ్ల పైకి పెట్టి, అలాగే ఉంది. పొట్టు పడుతోంది, నోరు మూస్తోంది, మళ్లీ తెరుస్తోంది. చేతులు లేవు కాబట్టి నోరు చాపింది. నాకు మళ్లీ స్పృహ వచ్చి, మా వాడి చేత ఫోటో తీయించుకున్నాను. నాలుగు మీటర్ల నిబంధన గురించి అడుగుతారేమో. నేను పాటించాను. చేపే పాటించలేదు. నా చుట్టుపక్కల ఉన్న పాతిక ముప్ఫై మంది కూడా ఇదే చెబుతారు.

ఒడ్డుకొచ్చాక నా సూచనలు రాసుకోవడం మొదలుపెట్టాను. మొదటిది, అనర్హుల ఏరివేత. ఈ చేపల మీద చుక్కల అమరిక మన వేలిముద్రల్లాగే దేనికది వేరట. ఎడమ పక్క మొప్పల వెనక ఫోటో తీసి కంప్యూటరుకిస్తే ఫలానా చేప అని చెప్పేస్తుంది. ఖగోళ శాస్త్రవేత్తలు ఆకాశంలో నక్షత్రాల ఫోటోలు పోల్చుకోవడానికి వాడే లెక్కనే దీనికి మార్చుకున్నారు. ఇంత మంచి బయోమెట్రిక్ చేతిలో ఉండగా రోజుకి ఇన్ని కిలోలని కోటా పెట్టి, వేరే దీవి నుంచి వలసొచ్చిన చేపలకి కార్డు రద్దు చేయక, అడిగినదానికల్లా పొయ్యడం ఏమిటి? మన రేషన్ షాపులో వేలిముద్ర పడలేదని ముసలమ్మని మూడుసార్లు తిప్పుతారు. పరిపాలన అంటే అది.

రెండో సూచన కోసం పథకం ఖర్చు లెక్క కావలసి వచ్చింది. గైడు చెప్పాడు: టికెట్ డబ్బులో 60 శాతం మేత వేసే జాలర్ల సంఘానికి, 30 శాతం మున్సిపాలిటీకి, 10 శాతం బరంగాయ్‌కి, అంటే మన పంచాయతీ లాంటిదానికి. చేప వాటా రొయ్యపొట్టు. ఇవి కాక హోటళ్లు, వ్యాన్లు, కొబ్బరిబోండాలు, చుక్కల చేప బొమ్మ వేసిన టీషర్టులు. నేను బ్యాంకు మనిషిని. లబ్ధిదారు మీద పెట్టేదెంత, లబ్ధిదారు వల్ల వచ్చేదెంత అని రెండు గళ్లు గీసి కూడాను. తప్పు వచ్చినట్టనిపించింది. మళ్లీ కూడాను. అదే వచ్చింది. ఆ కాగితం చించేసి మొదటి సూచన మీదే దృష్టి పెట్టాను.

మా వాడు మెడిసిన్‌లో చేరాక కొంచెం మాట్లాడటం నేర్చుకున్నాడు.

"మావయ్యా, పథకం చేప కోసం పెట్టింది కాదు. మన కోసం పెట్టింది. అది రాకపోతే మనం రాం."

"ఒరేయ్, దానికి పని చేసే అలవాటు పోయిందా లేదా?"

"పోయిందేమో. దాని వల్ల దెబ్బలు కూడా తగులుతున్నాయి" అన్నాడు. పడవ కనబడితే భోజనం వచ్చిందనుకుని దగ్గరికి పోతుందట. అన్ని పడవల్లో రొయ్యపొట్టు ఉండదు. కొన్నిటికి ప్రొపెల్లర్ ఉంటుంది. ఇక్కడి చేపల్లో చాలావాటి ఒంటి మీద గాట్లున్నాయని పరిశోధకులు రాశారు. నా ఫోటోలో ఉన్నదానికి మూతి దగ్గర తెల్లగా ఒక గీత కనిపించింది. ముగ్గులో గీతే అనుకున్నాను గానీ అది వంకరగా ఉంది.

పోనీ మేత మానేస్తే? వేటకి తిరిగిపోతారా అని మా ఆవిడ అడిగింది. 1998 నుంచి ఆ దేశంలో వీటి వేట నిషేధం. మన దగ్గరా అంతే, గుజరాత్ తీరంలో కాలేయపు నూనె కోసం, మాంసం కోసం వందల్లో చంపితే 2001లో వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. ఆ మాటకొస్తే మా విశాఖ వైపే, తంతడి తీరంలో 2021 డిసెంబరులో ఒకటి వలలో పడితే జాలర్లూ అటవీశాఖవాళ్లూ కలిసి నీళ్లలోకి తోసి సాగనంపారు. ఎవరికీ టికెట్ లేదు. అది మళ్లీ వచ్చిందో లేదో కూడా తెలీదు. అంత పెద్ద చేపని ఊరికే పంపించేసిన మనవాళ్ల వ్యాపార దృష్టి మీద నాకు కొంచెం బాధ కలిగింది. ఇది నా సిద్ధాంతానికి విరుద్ధమని మా వాడు అన్నాడు. ఎండకి వాడి బుర్ర వేడెక్కినట్టుంది.

మధ్యాహ్నం కావస్తోంది. దోనెలో మనిషి ఖాళీ బకెట్టు కడుక్కున్నాడు. ఒక చేప కాసేపు దాని దగ్గరే నోరు తెరిచి నిలబడి, తర్వాత మూసుకుని, నెమ్మదిగా లోతుకి దిగిపోయింది. ఇప్పుడెక్కడికి పోతుందని అడిగితే, "తిండి వెతుక్కోడానికి" అన్నాడు ఆ మనిషి. మా వాడు దాన్ని తెలుగులో చెప్పి నా మొహంలోకి చూశాడు. నేను తువ్వాలు మడతపెట్టుకున్నాను.

లంచ్ గురించి ఎక్కువ చెప్పను. అన్నం, కోడికూర, అరటిపండు. కోడికూరలో పులుపు తప్ప కారం లేదు. ఇంక్లూడెడే కదా అని రెండోసారి వడ్డించుకోబోతే గైడు ఒక్కసారే అన్నాడు. పది వేలు పైచిలుకు పెట్టినవాడిని రెండో గరిటె దగ్గర ఆపడం ఏం మర్యాద? సంస్థ పేరు రాయను గానీ రెండు స్టార్లే ఇచ్చాను. జలపాతం బాగానే ఉంది.

ఈ వ్యాసం చివరి భాగం శంషాబాద్‌లో రాస్తున్నాను, విశాఖ విమానానికి ఇంకా మూడు గంటలుంది. 2020 మార్చిలో రైల్వేవాళ్లు వయసు మళ్లినవాళ్ల రాయితీ ఎత్తేశాక నేను రైలెక్కడం తగ్గించాను. దాని గురించి పత్రికలకి నాలుగు ఉత్తరాలు రాశాను. అది ఉచితం కాదు, వయసుకిచ్చే గౌరవం. విమానమైతే కనీసం లాంజ్ ఉంటుంది. బ్యాంకు కార్డు గీస్తే 2 రూపాయలు పట్టుకుని లోపలికి పంపుతారు, ఎంత తిన్నా అడిగేవాడు లేడు. గుమ్మం దగ్గర నా ముందు నలభై మంది ఉన్నారు, అందరూ చదువుకున్నవాళ్లే, కార్డులు పైకెత్తి పట్టుకుని నిలబడ్డారు. లోపల కూర్చోడానికి చోటు లేక చాలామంది కౌంటరు ముందే నిలువుగా నిలబడి ఉన్నారు. మా ఆవిడ నా వైపు అదోలా చూస్తోంది గానీ ఏమీ అనడం లేదు. వడల ట్రే కొత్తది వస్తున్నట్టుంది. మిగతా సూచనలు వచ్చే వారం.