ప్రశ్నలు వద్దనుకుంటే మమ్మల్ని ఎందుకు పిలిచినట్టు?

మొన్న ఒక శాఖ వాళ్లు పదకొండింటికి ప్రెస్ మీట్ అని పిలిచారు. మంత్రిగారు వచ్చేసరికి పన్నెండున్నర దాటింది. నాలుగు పేజీల కాగితం చదివి, నమస్కారం పెట్టి, మా విలేకరి చెయ్యి ఎత్తేలోపే లేచి వెళ్లిపోయారు. 'సార్‌కి ఇంకో మీటింగ్ ఉంది, డౌట్లుంటే నాకు వాట్సాప్ పెట్టండి' అన్నారు పీఆర్వో. పంట నష్టానికి పరిహారం ఇస్తామని ఆ కాగితంలో ఉంది, ఎప్పటిలోగా అన్నది మాత్రం ఎక్కడా లేదు. మేం అడగాలనుకున్నది ఆ ఒక్కటే. వాట్సాప్‌లోనూ అడిగాం. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. ఇది రాస్తున్న రాత్రి పదిన్నరకి కూడా రాలేదు.

ఒక్క శాఖ చేసిన పనైతే ఇంత రాసేవాళ్లం కాదు. ఇది అలవాటైపోతోంది, అదీ మా భయం. పైవాళ్లు చేసింది చూసి కిందివాళ్లు నేర్చుకుంటున్నారు. మౌన ప్రధాని అని పేరుపడ్డ మన్మోహన్ సింగ్ 2014 జనవరి 3న ఢిల్లీలో విలేకరుల ముందు కూర్చుని, కుంభకోణాల మీద, చివరికి తన బలహీనత మీద కూడా పదుల కొద్దీ ప్రశ్నలు విని జవాబిచ్చారు. ఆయన తర్వాత వచ్చిన నరేంద్ర మోదీ దేశంలో అలాంటి సమావేశం ఒక్కటీ పెట్టలేదు. 2019 మే 17న పార్టీ ఆఫీసులో అమిత్ షా పక్కన కూర్చున్నా ప్రశ్నలన్నీ షాకే వదిలేశారు. ఇంటర్వ్యూలు ఇస్తున్నారు కదా అంటారు. ఇంటర్వ్యూలో అడిగే మనిషిని ఇచ్చేవాళ్లే ఎంచుకుంటారు, ప్రెస్ మీట్‌లో ఆ వీలు ఉండదు, తేడా అంతా అక్కడే ఉంది.

మన రెండు రాష్ట్రాలూ తక్కువ తినలేదు. జగన్మోహన్ రెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న అయిదేళ్లలో బటన్ నొక్కే సభల్లో మాట్లాడారే గానీ విలేకరుల ముందు కూర్చుని ప్రశ్నలు తీసుకున్నది బహు తక్కువ. కేసీఆర్ గంటల తరబడి కూర్చునేవారు, నిజమే, కానీ నచ్చని ప్రశ్న అడిగిన విలేకరిని అందరి ముందే కసిరేవారు. ముఖ్యమంత్రులే అలా ఉంటే కలెక్టర్ ఎందుకు ఆగాలి, ఎమ్మార్వో ఎందుకు ఆగాలి?

విలేకరులు అరుస్తారని, ఒకే ప్రశ్న పదిసార్లు అడుగుతారని, విషయం పక్కదారి పడుతుందని అధికారులు అంటారు. అందులో కొంత నిజం ఉంది, దానికి మందు మంచి ఏర్పాటు.

అసలు ప్రశ్న ఏం చేస్తుందో 2018 జనవరి 12న దేశమంతా చూసింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తులు నలుగురు ఢిల్లీలో మన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఇంటి పచ్చిక మీద కూర్చున్నారు. ఫ్లెక్సీ లేదు, స్టేజీ లేదు. ఏ కేసు ఏ బెంచికి ఇస్తున్నారన్న దాని మీద ప్రధాన న్యాయమూర్తికి తాము రాసిన లేఖ విలేకరులకు ఇచ్చారు. సొహ్రాబుద్దీన్ ఎన్‌కౌంటర్ కేసు విచారిస్తూ 2014లో చనిపోయిన సీబీఐ కోర్టు జడ్జి లోయా పేరు ఆ లేఖలో లేదు. ఆయన మృతి కేసు గురించేనా అని ఒక విలేకరి అడిగితే ఆ నలుగురిలో ఒకరైన జస్టిస్ రంజన్ గొగోయ్ అవునన్నారు. ఆ ఒక్క మాట ప్రశ్న వల్లే బయటికొచ్చింది. లేఖ చదివి లేచి వెళ్లిపోయుంటే అది బయటికి వచ్చేదే కాదు.

ఏర్పాటు అంటే బ్రహ్మవిద్య కాదు. ముందురోజే కబురు పెట్టాలి, నచ్చిన నాలుగు పేపర్లకు కాదు, అందరికీ. మధ్యాహ్నానికి ముందే పెడితే జిల్లా ఎడిషన్ల వాళ్లు నిజానిజాలు చూసుకుని రాయగలుగుతారు. అంకెలు, తేదీలు, జీవో నంబర్లతో తెలుగులో ఒక నోట్ ముందే చేతికిస్తే, ఇక దాన్ని చదివి వినిపించే పని ఉండదు, పది నిమిషాలు మాట్లాడి మిగతా టైమంతా ప్రశ్నలకు వదలొచ్చు. అడిగేవాళ్లకూ ఒక మైకు ఇవ్వాలి. ఫైలు తెలిసిన అధికారి పక్కనే ఉండాలి. తెలియనిది తెలియదని చెప్పి, ఏ రోజు చెబుతారో అక్కడే చెప్పాలి.

ప్రమాదాలప్పుడు ఇది ఇంకా ముఖ్యం. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగాక, తమవాళ్లు ఏమయ్యారో తెలియక కుటుంబాలు రోజుల తరబడి ఆస్పత్రులకూ ఫ్యాక్టరీ గేటుకూ మధ్య తిరిగాయి. అలాంటప్పుడు రోజూ ఒకే టైముకి, ఒకే అధికారి వచ్చి, ఎంతమంది చనిపోయారు, ఎంతమంది దొరకలేదు, పేర్లు ఎప్పుడిస్తారు అని విలేకరులు అడిగినవాటికి జవాబు చెప్పితీరాలి. కరోనా రోజుల్లో కేరళ ముఖ్యమంత్రి సాయంత్రం ఆరింటికి చేసింది ఇదే.

పోలీసుల ప్రెస్ మీట్లదీ ఇదే దారి. ముఖాలకు గుడ్డలు కప్పిన నిందితుల్ని వెనక నిలబెట్టి, కథంతా చెప్పేసి, ప్రశ్న వేయగానే 'విచారణలో ఉంది' అంటారు. బ్రీఫింగులు ఎలా ఉండాలో మాన్యువల్ తయారుచేయమని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబర్‌లో కేంద్ర హోంశాఖను ఆదేశించింది. స్టేషన్ దాకా ఏం మారిందో చూస్తూనే ఉన్నాం.

మా తప్పూ ఉంది. టేబుల్ మీద లోగో మైకు పెట్టి, అడగకుండా తిరిగొచ్చే అలవాటు మాలోనూ పెరిగింది. అడగనివ్వని మీటింగ్‌ని కూడా 'విలేకరుల సమావేశంలో మాట్లాడుతూ' అని రాసి మేమే దానికి ఆ హోదా ఇచ్చాం. రేపటి నుంచి రాయం. ప్రశ్నలు తీసుకోకపోతే 'ప్రకటన చదివి వెళ్లిపోయారు' అనే రాస్తాం, అడగబోయిన ప్రశ్న కిందే వేస్తాం. మంత్రిగారూ, చదివి వెళ్లడానికే అయితే ఆ కాగితం మెయిల్‌లో పంపండి, మా వాళ్లని గంటన్నర కూర్చోబెట్టకండి. పరిహారం ఎప్పుడిస్తారో ఇంకా చెప్పలేదు.