మా ఉగాదిని మే 15కి మార్చండి

పంచాంగకర్తలకి, సిద్ధాంతులకి, ముఖ్యంగా జూమ్‌లో పంచాంగ శ్రవణం చేసే పంతులుగార్లకి అమెరికాలో ఉత్తరాన చలికి పేరుమోసిన మిన్నెసోటా రాష్ట్రం నుంచి ఒక విన్నపం. విన్నపం అని మర్యాదకి అంటున్నా గానీ డిమాండ్ అనుకోండి. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది, ఏదోలే అని సర్దుకున్నాం. 2025లో మార్చి 30 అన్నారు. ఈసారి 2026లో ఏకంగా మార్చి 19. మీ వసంతం ఏటా ముందుకి పరిగెడుతోంది, మా వసంతం మాత్రం ఉన్నచోటే ఉంది, అంటే మే నెలలో. మరి మధ్యలో ఈ రెండు నెలలూ మేం ఏ ఋతువులో ఉన్నట్టు?

పండగ పొద్దున్నే ఫోన్ నిండా మావిచిగుళ్ళు, కోయిల బొమ్మలు, "వసంతాగమన శుభాకాంక్షలు". నేను తలంటుకుని కొత్త చొక్కా తొడుక్కుని, దాని మీద పాత జాకెట్, దాని మీద మఫ్లర్ చుట్టుకుని చెత్తడబ్బా రోడ్డు మీద పెట్టడానికి వెళ్ళి, డ్రైవ్‌వే చివర రాత్రి గడ్డకట్టిన నీళ్ళ మీద జారి కూర్చున్నా. లేచి చూస్తే ఎవరూ చూళ్ళేదు, అదొక్కటే ఆ రోజు శుభం. లోపలికొచ్చి సంవత్సరం పేరేంటా అని చూశా. పరాభవ. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ మిన్నియాపోలిస్ శివార్లలో ఒక్క ఏడాదైనా వంకాయలు పెంచి ఉంటాడు.

నేను అడిగేది శాస్త్రానికి విరుద్ధం ఏం కాదు. చంద్రుడి లెక్క సూర్యుడితో తప్పినప్పుడల్లా, దాదాపు మూడేళ్ళకోసారి, మీరే ఒక అధిక మాసం ఇరికించి సరిచేస్తున్నారు, ఈ ఏడే అధిక జ్యేష్ఠం ఉంది. మా దగ్గర లెక్క తప్పింది సూర్యుడితో కాదు, నేలతో. కాబట్టి 45వ అక్షాంశం దగ్గర కాపురాలుండే తెలుగువాళ్ళకి ఏటా రెండు నెలలు అదనంగా ఇవ్వండి, మొదటిది అధిక ఫాల్గుణం, రెండోది అత్యధిక ఫాల్గుణం. మార్చి 19కి రెండు చాంద్రమాసాలు కలిపితే మే 17 వస్తుంది, దాన్ని రెండ్రోజులు ఇటు లాగి 15 చేద్దాం, ఎందుకో తర్వాత చెప్తా. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనకో సామెత ఉంది కదా, ఇక్కడి చలి శివరాత్రికి కాళ్ళు చాపుకుని కూర్చుని "టిఫినేంటి ఇవ్వాళ" అని అడుగుతుంది.

ఈ దేశం వాళ్ళకి మాత్రం పంచాంగ శ్రవణం లేదా అంటే ఉంది. ఫిబ్రవరి 2న పెన్సిల్వేనియాలో పంక్సటానీ అనే ఊళ్ళో టాప్ హ్యాట్లు పెట్టుకున్న పెద్దమనుషులు ఫిల్ అనే గ్రౌండ్‌హాగ్‌ని జనం ముందుకి తెస్తారు. ఉడుత జాతే గానీ మన పందికొక్కుకి పెదనాన్నలా ఉంటుంది. దాని నీడ దానికి కనపడితే ఇంకో ఆరు వారాలు చలి, కనపడకపోతే వసంతం తొందరగా వస్తుంది. 1887 నుంచీ ఇదే తంతు. మిగతా అమెరికా ఆరు వారాలు అనగానే అయ్యో అంటుంది, మేం మాత్రం స్వీట్లు పంచుకుంటాం, ఎందుకంటే ఆరు వారాలంటే మార్చి 16, మార్చి 16కి చలి నిజంగా పోతే మేం దానికి గుడి కట్టిస్తాం.

సరే ఇప్పుడు అసలు వ్యవసాయానికొద్దాం. మా దగ్గర వ్యవసాయం బేస్‌మెంట్‌లో జరుగుతుంది. మే సగం దాటితే గానీ వంకాయ మొక్క బయట బతకదు, వంకాయకీ మిరపకీ నారు ఎదగడానికి ఎనిమిది నుంచి పది వారాలు కావాలి, కాబట్టి వెనక్కి లెక్కేస్తే మార్చి మొదట్లోనే గింజ మట్టిలో పడాలి, ఆ మట్టి కూడా స్టోర్‌లో కొన్న మట్టే, ఎందుకంటే మన సొంత మట్టి అప్పటికి రాయి. అందుకే మార్చి నెలలో రాత్రి పదకొండింటికి కూడా మా కాలనీలో కొన్ని బేస్‌మెంట్ కిటికీల్లోంచి మొక్కలకి పెట్టిన లైట్ల ఊదారంగు వెలుగు వస్తుంటుంది. తెలీనివాళ్ళు గంజాయి అనుకుంటారు. అది కాదండీ, గంజాయి ఇంటికి 8 మొక్కలు మించకూడదని 2023లో ఇక్కడ చట్టం చేశారు. వంకాయకి అలాంటి పరిమితి ఏదీ పెట్టలేదు, మా పతనానికి మూలం అదే. 72 గళ్ళ ట్రే కొంటాం, గడి ఖాళీగా ఉంచితే అశుభం కాబట్టి 72 గింజలూ పెడతాం, పెరట్లో ఉన్న చోటు పన్నెండు మొక్కలకి.

తెనాలి నుంచి అమ్మ వీడియో కాల్ చేసింది ఆ రోజు. ట్రే కింద నల్లగా ఉందేంట్రా అంది. హీట్ మ్యాట్ అమ్మా, వంకాయ గింజ మొలకెత్తాలంటే 80 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి అన్నా. "మొక్కకి కరెంటు దుప్పటా?" అంది. పైన లైటేంటి అంది. రోజుకి పదహారు గంటలు వెయ్యాలి అన్నా. పక్కన ఫ్యానెందుకు తిరుగుతోంది అంది. గాలి తగలకపోతే కాడ గట్టిపడదు, సన్నగా సాగి వాలిపోతుంది, అందుకని రోజూ చేత్తో కూడా ఒకసారి నిమరాలి అన్నా. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నిన్ను కూడా ఇంత చూళ్ళేదు కదరా నేను" అంది.

ఇంత చూసినా వారానికల్లా నారుకుళ్ళు తెగులు తగిలి మొలకలు నేల దగ్గర మెత్తబడి పడుకుంటాయి. కారణం నీళ్ళెక్కువవడం, నీళ్ళెక్కువవడానికి కారణం ప్రేమ ఎక్కువవడం. ఆ తడికి చిన్న చిన్న ఈగలు పుట్టి ముందు మట్టి మీద, తర్వాత టీవీ మీద, చివరికి పెరుగన్నం మీద వాల్తాయి. వాటికోసం పసుప్పచ్చ జిగురు అట్టలు గుచ్చుతాం, వాటికి ఈగల కంటే నా చొక్కా చేతులే ఎక్కువ అంటుకుంటాయి.

పంచాంగంలో రాశులకి ఆదాయ వ్యయాలు చెప్పినట్టు మా తోటలకి ఎవరూ చెప్పరు, నేనే చెప్తా రాసుకోండి. ఆదాయం 2 వంకాయలు, వ్యయం లైట్లు, మ్యాట్, ట్రేలు, మట్టి, ఫ్యాను, కరెంటు బిల్లు, ఇంకా కుందేళ్ళ కంచె. రాజపూజ్యం ఎవరింట్లో కరివేపాకు మొక్క నడుమెత్తు దాటిందో వాళ్ళకి. అవమానం మిగతా అందరికీ.

కరివేపాకు సంగతి విడిగా చెప్పాలి. నిమ్మ నారింజ జాతి మొక్క కదా, ఆ తోటల్ని తినేసే గ్రీనింగ్ తెగులు మోసే పురుగు దీని మీద కూడా బతుకుతుంది, అందుకని ఇండియా నుంచి మొక్క కాదు కదా పచ్చి ఆకు కూడా తేనివ్వరు. దాంతో ఉన్న మొక్క విలువ బంగారం అయింది. అక్టోబర్ నుంచి మే దాకా అది డ్రాయింగ్ రూమ్‌లో దక్షిణం కిటికీ దగ్గర ఉంటుంది, ఇంట్లో ఎండ పడే ఏకైక కుర్చీ ఎవరిదో వాళ్ళు లేచి చోటివ్వాలి. ఫిబ్రవరిలో ఆకంతా రాల్చి పుల్లలా నిలబడుతుంది, చచ్చిందేమో అని గోటితో బెరడు గీకి చూస్తాం, లోపల పచ్చగా ఉంటే హమ్మయ్య. గీకి గీకి చంపినవాళ్ళు కూడా నాకు తెలుసు. మార్చి చివర్లో కొసన ఆవగింజంత చిగురు కనిపిస్తుంది చూడండి, ఆ రోజు ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలీదు.

ఇక బయట. మా వైపు ఇంటి పునాది 42 అంగుళాల లోతుకి తియ్యాలి, ఉత్తరం వైపైతే 60 అంగుళాలు, చలికాలంలో నేల అంత లోతుకి గడ్డకట్టి ఇంటిని పైకి ఎత్తేస్తుందని. ఆ నేల మార్చిలో పైనుంచి కరగడం మొదలెడుతుంది, కింద ఇంకా రాయే, నీళ్ళు దిగే దారి లేదు, పైన రెండంగుళాల పాయసం. రోడ్ల మీద లారీలకి కూడా ఆ నెలల్లో బరువు తగ్గించుకోమని రూలు పెడతారు, నేల మెత్తబడి రోడ్డు పాడవుతుందని. లారీకి చెప్పారు గానీ నాకెవరూ చెప్పలేదు, ఒక ఏడాది నేను మొదటి ఎండ చూడగానే పార పట్టుకుని దిగిపోయా. నేను తొక్కిన చోట జూలై దాకా పాదముద్రలు అలాగే ఉన్నాయి, వామనుడు వచ్చి వెళ్ళినట్టు. దీనికి మనవాళ్ళు ఎప్పుడో మాట పెట్టారు, పదును. పిడికెడు మట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తాకితే పొడి అవ్వాలి, అప్పుడు పదునుకి వచ్చినట్టు. ఇక్కడి పుస్తకాలూ సరిగ్గా ఇదే పరీక్ష చెప్తాయి, ఇంగ్లీషులో చెప్పేసరికి సైన్స్ అని నమ్మా, అమ్మ చెప్పినప్పుడు ఊఁ కొట్టి వదిలేశా.

మంచు తీశాక లాన్ చూస్తే ఎవరో మెట్రో మ్యాప్ గీసినట్టు ఉంటుంది, వోల్స్ అనే ఎలకజాతి జీవాలు చలికాలమంతా మంచు కింద తిరిగిన దారులవి. వాటి మధ్య స్టేషన్లలాగా గుండ్రంగా బూజు మచ్చలు. ఎండిన ఆకులు మాత్రం అప్పుడే ఊడవకూడదు, వాటి కింద తేనెటీగలూ పురుగులూ నిద్రపోతుంటాయి, కాస్త వేడెక్కాక లేస్తాయి. మే నెలలో గడ్డి కూడా కొయ్యొద్దని బ్రిటన్‌లో ప్లాంట్‌లైఫ్ అనే సంస్థ 2019లో ఉద్యమం మొదలెట్టింది, అది ఇక్కడికీ వచ్చింది. పర్యావరణం పేరు మీద బద్ధకానికి ఇంత గౌరవం దక్కుతుందని నేను కలలో కూడా అనుకోలేదు, మనస్ఫూర్తిగా మద్దతిస్తున్నా.

అన్నిటికంటే వింత గులాబీలు. నాజూకు రకాలు ఈ చలికి తట్టుకోవు కాబట్టి అక్టోబర్‌లో మొక్కకి ఒక పక్క వేళ్ళు వదులు చేసి, పక్కనే గుంత తవ్వి, మొక్కని మెల్లగా అందులోకి వంచి మట్టి కప్పేస్తారు. ఈ పద్ధతి పేరే మిన్నెసోటా టిప్. ఏప్రిల్‌లో మళ్ళీ తవ్వి లేపి నిలబెడతారు. అంటే ఏటా బతికుండగానే సమాధి, ఏటా పునర్జన్మ, ఇంత వేదాంతం మన ఆశ్రమాల్లో కూడా ఉండదు.

ఇక్కడ మావాళ్ళ గురించి ఒక నిజం చెప్పుకోవాలి. ఏప్రిల్ మధ్యలో, రాత్రి కాస్త మంచు పడినా తట్టుకునే గింజలు బోలెడు ఉన్నాయి. మెంతికూర, పాలకూర, కొత్తిమీర, ముల్లంగి, బఠానీ. ఇంకా చెప్పాలంటే కొత్తిమీర, పాలకూర మన ఎండకి పూతకొచ్చి పాడైపోయేవి, ఈ చల్లదనానికి హాయిగా పెరుగుతాయి. అయినా ఎవరైనా వేస్తారా? వేసినా ఫోటో పెడతారా? కష్టపడకుండా వచ్చే కూర మాకు కూరే కాదు. మాకు దొండకాయ కావాలి. దొండ హవాయిలో చెట్లని కప్పేసి కలుపుమొక్కగా పేరు మోసింది, పీకలేక చస్తున్నారు అక్కడ, ఇక్కడేమో నవంబర్‌లో దాన్ని కొట్టేసి దుంపని కుండీతో సహా బేస్‌మెంట్‌లో పెట్టి, మార్చిలో రోజూ వెళ్ళి "లేచావా తల్లీ" అని అడుగుతాం.

ఇంతలో ఏప్రిల్‌లో ఒక రోజు 70 డిగ్రీల ఫారెన్‌హీట్ వస్తుంది. పక్కింటి తాతగారు నిక్కరేసుకుని బయటికొస్తారు, పిల్లలు ఐస్‌క్రీమ్ అంటారు, గోడ పక్కన క్రోకస్ పూలు ఊదారంగులో విచ్చుకుంటాయి, తడి మట్టి వాసన వస్తుంది, ఆర్నెల్ల తర్వాత మొదటిసారి ముక్కుకి ఏదైనా వాసన తగలడం, పొద్దు కూడా రోజుకి మూడేసి నిమిషాలు పెరుగుతుంటుంది. ఆ ఒక్క రోజు మత్తులో పడి మొక్కలన్నీ పాతేసిన అమాయకులు ఎంతమందో. తాతగారు అప్పుడు 2018 కథ చెప్తారు, ఏప్రిల్ 13 నుంచి 15 దాకా మంచుతుఫాను, దాదాపు పదిహేనంగుళాలు. ఏటా చెప్తారు, ఏటా అదే చోట ఆగి తల ఊపుతారు. మూడేళ్ళ క్రితం ఆయనే నాకు ఒక రుబార్బ్ దుంప ఇచ్చారు. నేలలో పడేసి మర్చిపోయా. లైటు లేదు, మ్యాట్ లేదు, నిమరలేదు. ఏప్రిల్‌లో మంచులోంచి ఎర్రటి ముక్కు బయటపెట్టింది, మే కల్లా చేయంత కాడలు. ఆకు విషం, పారెయ్యాలి, కాడ మాత్రం గోంగూరకి పిన్నిలా పుల్లగా ఉంటుంది. పప్పులో వేశా. బావుంది. ఈ విషయం గ్రూపులో చెప్పలేదు, ఎవరికీ చెప్పకండి.

ఇప్పుడు మే 15 ఎందుకో చెప్తా. ఆ రోజుకి మా పచ్చడి సామానంతా స్థానికంగా దొరుకుతుంది. పులుపుకి రుబార్బ్. చేదుకి వేపపువ్వు బదులు లాన్ నిండా ఉండే డాండెలైన్ అనే కలుపుమొక్క ఆకు. తీపికి మేపుల్ సిరప్, మార్చిలో పగలు కరిగి రాత్రి గడ్డకట్టే రోజుల్లో చెట్టుకి తూటు పెట్టి తీసిన నీళ్ళు 40 గ్యాలన్లు మరిగిస్తే ఒక్క గ్యాలన్ వస్తుంది, మా తోటల దిగుబడి లెక్కకి అదేం తక్కువ కాదు. కారానికి పోయినేడాది ఫ్రీజర్‌లో దాచిన ఆ ఆరు మిరపకాయలు. ఉప్పు డ్రైవ్‌వే మీద చలికాలంలో చల్లింది ఇంకా మిగిలే ఉంది, తినొద్దు, చూసి దణ్ణం పెట్టుకోండి. వగరు ఒక్కటే లోటు అనుకుంటున్నారా, మా ప్రాపర్టీ టాక్స్ మొదటి వాయిదా కట్టాల్సిన రోజు మే 15.

ఈ డిమాండంతా రాసి మొన్న అమ్మకి చదివి వినిపించా, ఎంతైనా పంచాంగం చూసే మనిషి కదా, తప్పుంటే చెప్తుందని. మొత్తం విన్నది. "ఉగాది నీ ఇష్టమొచ్చినప్పుడు చేస్కో గానీ ఆ వంగనారు బయటేనా ఉంది?" అంది. ఎండకి అలవాటు చేస్తున్నానమ్మా, రాత్రి పర్లేదులే అన్నా. "ఏం పర్లేదు, రాత్రికి ఒకటి చూపిస్తోంది మీ ఊరికి" అంది. సెల్సియస్. అమ్మ ఫోన్లో తెనాలి వెదర్ కింద మా ఊరి వెదర్ పెట్టుకుందని నాకు ఇన్నేళ్ళూ తెలీదు. చెప్పులేసుకుని వెళ్ళి 72 గళ్ళ ట్రే, అందులో మిగిలిన పంతొమ్మిది మొక్కలతో సహా, లోపల పెట్టా.