అంచు లేని చీరె

గద్వాలల ఒక ఇల్లు. చీరెల ఫోటోలు 1,200, సొంత సర్వర్ మీద పివిగోల (ఫోటోల గ్యాలరీ నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్నయ్. అత్త చేతిల ఫోను, కోడలి ముందల ల్యాప్‌టాప్. కొడుకు లోపటి అర్రల నిద్ర.

అత్త: నిన్న చీరెకు అంచు లేకుండె, ఇయ్యాల చీరెనే లేదు. అన్ని తెల్ల డబ్బాలు! ఏం జేసినవే?

కోడలు: మంచే జేసిన అత్తమ్మా. థంబ్‌నెయిల్, గదే లిస్టుల కనబడే చిన్న ఫోటో, దాని సైజుకు క్రాప్ (కత్తిరించుడు) టిక్కు పెట్టి ఉండె. నిలువు ఫోటోకు మీద, కింద తెగిపోయి అంచు ఎగిరిపోతుండె. టిక్కు తీసిన.

అత్త: నూలు చీరెకు పట్టు అంచు, గదే గద్వాల. అంచు చూపియ్యకుంటే పైసలెవరిస్తరు? సరే, టిక్కు తీసినవ్. గీ డబ్బాలేంది?

కోడలు: సైజు మారిస్తే పివిగో పాత థంబ్‌నెయిళ్లను తనే పారేసి, ఎవరన్న పేజీ తెరిచినప్పుడు కొత్తయి జేసుకుంటది. మీ కొడుకుకు గంత ఓపికేడిది? సుడో గొట్టి, అంటే సర్వర్ పెద్ద యజమాని హక్కు తీసుకొని, థంబ్‌నెయిళ్లుండే అండర్‌స్కోర్ డేటాల ఉన్న ‘ఐ’ ఫోల్డర్ మొత్తం తుడిచి, మళ్ల తనే ఖాళీ ఫోల్డర్ పెట్టిండు.

అత్త: నా కొడుకు ఊడ్సినా తప్పేనా?

కోడలు: ఊడ్సుడు తప్పుగాదు. అండ్లున్నయి నకళ్లే. అసలు ఫోటోలు అప్‌లోడ్ ఫోల్డర్ల ఉన్నయ్, గది ఊడ్సలేదు, మన అదృష్టం. కాకుంటే సుడోతోని పెట్టిన ఫోల్డర్ గా పెద్ద యజమాని ‘రూట్’ పేరు మీద పడ్డది. వెబ్ సర్వర్‌కు అండ్ల రాసే హక్కు లేదు.

అత్త: పట్టా ఒకని పేరు మీద, దున్నేది ఇంకొకడు.

కోడలు: (ఒక్క నిమిషం ఆగి) అచ్చం గంతే.

అత్త: మార్పియ్యి మరి. దీనికి గూడ తాసిల్దార్ కాడికి పోవాల్నా?

కోడలు: ఓనరు పేరు మార్చే సీహెచ్-ఓన్ కమాండ్ చాలు. లోపటియి గూడ మారేటట్టు పెద్ద ఆర్ పెట్టి, వెబ్ సర్వర్ ఖాతా డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా పేరుకు రాసిన. ఇగ చూడుండ్రి.

అత్త: వచ్చినయ్... ఊకో, సగమే వచ్చినయ్. అడ్డం ఫోటోలున్నయ్, నిలువుయి లేవు.

కోడలు: (ఎర్రర్ లాగ్ చూసి) మెమరీ చాలలే. ఫైలు 6 ఎంబీనే గని, ఫోటోలను చిన్నగ జేసే జీడీ దాన్ని విప్పితే 6000 ఇంటు 4000 చుక్కలు, చుక్కకు 4 బైట్లు, దగ్గెర దగ్గెర 92 ఎంబీ. పివిగోను నడిపే పీహెచ్‌పీకి ఇచ్చింది 128 ఎంబీ. అడ్డం ఫోటో ఎట్లనో ఇముడుతది. నిలువు ఫోటోను కెమెరా అడ్డంగనే దాచి, ‘తిప్పి చూపియ్యి’ అని ఫైలు లోపటి వివరాలల్ల, ఎగ్జిఫ్‌ల, రాస్తది. తిప్పేతందుకు ఇంకో 92 కావాలె.

అత్త: మడత పెడితే చీరె సంచిల పడుతది, విప్పితే మంచం చాలదు. తిరగేసి చూపియ్యాలంటే ఇంకో మంచం.

కోడలు: మీకు అన్ని తెలుసు, నాకెందుకు జీతం లేని ఈ కొలువు?

అత్త: మంచం పెద్దది జెయ్యి!

కోడలు: మెమరీ లిమిట్ 512 పెట్టి పీహెచ్‌పీ రీస్టార్ట్ జేసిన. జీడీ బదులు ఇమేజ్‌మ్యాజిక్ పెట్టుకుంటే ఈ హద్దు దానికి తగలదు గని, అదీ ర్యామ్ తింటది. మన సర్వర్‌ల ఉన్నది 2 జీబీ.

అత్త: అయితే వాట్సాప్‌ల లింకు పంపుతున్న.

కోడలు: ఆగుండ్రి! ఇరవై మంది ఒక్కపారే తెరిస్తే థంబ్‌నెయిళ్లన్ని అప్పటికప్పుడే చెయ్యాలె, సర్వర్ కూలబడ్తది. రాత్రి పివిగో బ్యాచ్ మేనేజర్‌ల ఒక్కో ఆల్బం పట్టి ముందుగాల్నే చేపిస్త. ట్యాబ్ మూస్తే ఆగిపోతది, ల్యాప్‌టాప్ మూత ముట్టకుండ్రి.

(తెల్లారి.)

అత్త: అంచు వచ్చింది. కొంగు వచ్చింది. చీరె మీద దండేనికి యాలాడేది ఏందే?

కోడలు: లుంగి. క్రాప్ ఉన్నన్ని దినాలు తెగిపోయి కనబడకపాయె.

అత్త: ఎన్ని ఫోటోలల్ల?

కోడలు: 340.

అత్త: నీ మొగన్ని లేపు.

కోడలు: నిన్నటిదాక మీ కొడుకు గద?