భుజం నొప్పి వెనక దాగే గడ్డ

భుజం నొప్పి అనగానే మన దగ్గర వరస ఒకటే. ముందు బామ్, తర్వాత కాపడం, ఆపైన మెడ ఎక్స్‌రే, ‘స్పాండిలైటిస్’ అన్న పేరు, మెడకో పట్టీ. చాలామందికి ఆ వరసలోనే తగ్గిపోతుంది. తగ్గని కొద్దిమందిలో అసలు జబ్బు మెడలోనూ ఉండదు, భుజంలోనూ ఉండదు. ఊపిరితిత్తి పైకొసన ఉంటుంది. అమెరికా రేడియాలజిస్టు హెన్రీ పాన్‌కోస్ట్ 1924లో, మళ్లీ 1932లో వర్ణించిన గడ్డ ఇది. ఆయన పేరే దానికి నిలిచింది.

ఊపిరితిత్తి క్యాన్సర్లలో ఇవి 5 శాతం లోపే. తొలినాళ్లలో దగ్గు, నెత్తురు పడడం లాంటివి ఉండకపోవచ్చు. చేతికి వెళ్లే నరాలు ఈ కొసను ఆనుకునే సాగుతాయి కాబట్టి, గడ్డ వాటిని నొక్కితే నొప్పి చేయి లోపలి వైపుగా చిటికెన వేలిదాకా దిగుతుంది. కంటికి, ముఖానికి వెళ్లే నరాన్నీ నొక్కితే అదే వైపు కనురెప్ప వాలి, కనుపాప చిన్నదై, సగం ముఖానికి చెమట పట్టకపోవచ్చు. రెప్ప వాలిందని కంటి డాక్టరు దగ్గరికి, చెయ్యి లాగుతోందని ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తే, రెండూ ఒకే కథ అని చెప్పేదెవరు?

మామూలు ఎక్స్‌రే ఇక్కడే బోల్తా పడుతుంది. కాలర్ బోన్, మొదటి పక్కటెముక, ఊపిరితిత్తి కొస ఒకదానిమీద ఒకటి పడి ఒకే నీడవుతాయి. సీటీ స్కాన్ ఆ చోటునే పలుచని పొరలుగా విడదీస్తుంది. గడ్డ పక్కటెముకను తినేసిందా, వెన్నుపూసదాకా పాకిందా, సిరలోకి మందు ఎక్కించి తీస్తే చేతికెళ్లే రక్తనాళాన్ని చుట్టిందా అన్నదీ తెలుస్తుంది. నరాల సంగతి చూడ్డానికి మాత్రం ఎమ్మారై మెరుగు.

మన దేశంలో ఇంకో చిక్కుంది. టీబీ కూడా ఎక్కువగా ఆ పైభాగాన్నే పట్టుకుంటుంది. తెమడలో క్రిములు దొరక్కపోయినా నీడ చూసి టీబీ మాత్రలు మొదలుపెట్టి, ‘రెండు నెలలు చూద్దాం’ అనడం నా దృష్టిలో సీటీ కంటే ఖరీదైన పొదుపు. ఛాతీ సీటీలో రేడియేషన్ ఒక ఎక్స్‌రేకి దాదాపు 70 రెట్లు, నిజమే. అందుకే ప్రతి భుజం నొప్పికీ తీయమనడం లేదు. ఏళ్ల తరబడి బీడీ, చుట్ట కాల్చిన మనిషికి రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి వారాలు గడిచినా తగ్గకపోతే తీయాల్సిందే.

అలాగని సీటీ తీర్పు చెప్పదు. క్యాన్సరో, టీబీయో, ఫంగసో తేల్చేది ముక్క పరీక్షే. నోట్లోంచి పంపే గొట్టం ఈ కొసకు అందడం కష్టం కాబట్టి, సీటీలో చూసుకుంటూ బయటినుంచి సూది పంపి ముక్క తీస్తారు. క్యాన్సరే అయితే కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చి, గడ్డ కుదించుకున్నాక ఆపరేషన్ చేయడం ఇప్పటి పద్ధతి. ఇతర అవయవాలకు పాకిపోయాక వచ్చినవాళ్లకు సాధారణంగా ఆ ఆపరేషన్ ఉండదు.