కోల్ క్రీక్ కింద ఉన్నది

అమెరికాలో సియాటిల్ పక్కన న్యూకాసిల్‌లో ఇల్లు చూసేటప్పుడు మన తెలుగువాళ్లు బడి ఎలాంటిదో అడుగుతారు, బెల్‌వ్యూలో ఆఫీసుకు ఎంతసేపో లెక్కేస్తారు. రోజూ కారు నడిపే రోడ్డు పేరే కోల్ క్రీక్ పార్క్‌వే, అంటే బొగ్గు వాగు రోడ్డు. ఆ బొగ్గు ఏమైందని అడిగేవాళ్లు తక్కువ. నేనూ చాలా ఏళ్లు అడగలేదు.

ఇక్కడ బొగ్గు 1863లో బయటపడింది. 1963 దాకా, అంటే నూరేళ్లు తవ్వారు. 1878లో సియాటిల్ నుంచి రైలు పట్టాలు గనుల దాకా వచ్చాయి. బొగ్గు రేవుకు చేరి, ఓడలెక్కి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లేది. సియాటిల్ ఎదుగుదలలో ఈ కొండల వాటా చిన్నది కాదు.

తవ్వినవాళ్లు మనలాగే పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్లు. వేల్స్ వాళ్లు, ఇటలీ వాళ్లు, ఫిన్లండ్ వాళ్లు. చైనా కార్మికులూ ఉండేవారు. 1885 సెప్టెంబరులో ముసుగులు వేసుకున్న మనుషులు వాళ్ల బసకు నిప్పుపెట్టి వెళ్లగొట్టారు. 1891లో సమ్మెను దెబ్బతీయడానికి కంపెనీ నల్లజాతి కార్మికులను దూర రాష్ట్రాల నుంచి రప్పించింది. ఒక కూలీ మీదికి ఇంకో కూలీని ఉసిగొల్పడం! ఇది తెలిశాక ఆ వాగు వెంట నడుస్తుంటే నాకు కాళ్లు బరువెక్కుతాయి.

గని మూతపడితే ఊరూ పోవడం మామూలే. దక్షిణాన ఉన్న ఫ్రాంక్లిన్ అనే గనుల ఊరు అడవిలో కలిసిపోయింది. న్యూకాసిల్ నిలబడింది, పక్కనే పెద్ద ఊళ్లు, విమానాల ఫ్యాక్టరీలు, ఆ తరువాత సాఫ్ట్‌వేర్ ఉండబట్టి. 1994లో సొంతంగా నగరమైంది. 2020 జనాభా లెక్కల్లో 13 వేలు దాటింది. అందులో మన ఇళ్లూ ఉన్నాయి. ఇళ్ల ధరలు పెరగడమే అభివృద్ధి అనుకుంటే మాత్రం నేను ఒప్పుకోను. కూగర్ మౌంటెన్ పార్కులో పాత గనులు కుంగిన చోట ఇప్పటికీ కంచెలున్నాయి. ఆ కంచె ఎందుకో పిల్లవాడు అడిగితే చెప్పగలిగే తల్లిదండ్రులు ఉన్న ఊరే నా దృష్టిలో ఎదిగిన ఊరు.

అందుకే మన సంఘానికి ఒక విన్నపం. తెలుగు బడి పిల్లలను ఒక శనివారం ఆ పార్కులోని రెడ్ టౌన్ దారికి తీసుకెళదాం. కార్మికుల ఇళ్లకు ఎర్రరంగు వేయడం వల్లే ఆ పేరట. అక్కడికి దగ్గర్లోనే మూసేసిన ఫోర్డ్ స్లోప్ గని నోరు కనిపిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు గని కార్మికుల పాత శ్మశానం దగ్గర కాసేపు ఆగుదాం. సింగరేణి ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలు మనలో ఉంటే ముందు వాళ్లు మాట్లాడాలి. గనిలో షిఫ్టు దిగిన తండ్రి ఇంటికి చేరేదాకా ఇల్లు ఎలా ఎదురుచూస్తుందో పిల్లలకు వాళ్లే చెప్పగలరు.