దొంగ క్లిక్కు నేర్పే పాఠం

ఆన్‌లైన్ ప్రకటనలకు డబ్బు పెడుతున్నవాళ్లు ఒక పూట కూర్చుని చేయాల్సిన పని ఒకటుంది. గత నెలలో యాడ్ ద్వారా వచ్చిన ఎంక్వైరీలన్నిటినీ ఒక షీట్‌లోకి దించుకుని, వచ్చిన టైమ్ ప్రకారం వరసలో పెట్టాలి. పేజీ తెరుచుకున్నాక ఫారం పంపడానికి ఎన్ని సెకన్లు పట్టిందో పక్కనే రాసుకోవాలి. పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్, నాలుగు మాటల వివరం... ఇవన్నీ టైప్ చేయాలంటే ఎంత చురుకైన వేళ్లకైనా పావు నిమిషం పడుతుంది. బ్రౌజర్ తనంతట తానే నింపినా, పైన ఏం రాసి ఉందో ఓసారి చూడకుండా బటన్ నొక్కేవాళ్లు అరుదు. అలాంటిది రెండు సెకన్లలో నిండిన ఫారాలు, తెల్లవారుజామున మూడింటికి, ఒకే సైజు స్క్రీన్ నుంచి వరసగా వచ్చి ఉంటే? పేర్లు చూస్తే అసలు పేర్లలాగే ఉంటాయి. ఫోన్ చేస్తే సంగతి బయటపడుతుంది. కొన్ని నంబర్లు మోగనే మోగవు. మోగినచోట అవతలి మనిషి ‘నేను ఏ ఫారమూ నింపలేదండీ’ అంటాడు.

అలాంటి ఫారాలు నింపేది చాలావరకు మనుషులు కాదు, బాట్‌లు, అంటే మనిషిలా నటించే కంప్యూటర్ ప్రోగ్రాములు. ఆ షీట్ చూడగానే ఎవరికైనా వచ్చే బాధ, యాడ్ మీద పడిన ఈ దొంగ క్లిక్కులకు కట్టిన డబ్బంతా పోయిందే అని. పోయిన మాట నిజమే. అసలు నష్టం ఆ తర్వాతే మొదలవుతుందని నేనంటాను.

క్లిక్కుకు ఇంత అని వేలం పాడి డబ్బు తీసుకునే పద్ధతిని 1998లో గోటూ డాట్‌కామ్ అనే సెర్చ్ సైట్ జనంలోకి తెచ్చింది. 2002లో గూగుల్ కూడా ఆ దారి పట్టింది. క్లిక్కుకు ధర పలికితే దొంగ క్లిక్కూ పుడుతుంది. 2004లోనే గూగుల్ ఆర్థిక వ్యవహారాల అధిపతి జార్జ్ రేయెస్ ఈ బెడద గురించి బహిరంగంగా హెచ్చరించారు. 2006లో ప్రకటనదారులు వేసిన దావాను గూగుల్ 9 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. అందులో లాయర్ల ఫీజులు పోగా ప్రకటనదారులకు దక్కింది నగదు కాదు, మళ్లీ యాడ్స్ వేసుకోవడానికి క్రెడిట్లు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

దొంగ క్లిక్కు అనగానే మనకు తట్టేది పోటీదారు. మన యాడ్ మీద పదేపదే నొక్కి బడ్జెట్ ఖాళీ చేస్తున్నాడని అనుమానం. అలాంటివాళ్లు లేకపోలేదు గానీ, పెద్ద ఎత్తున సాగే దందా యాడ్‌లు చూపించే సైట్ల, యాప్‌ల వైపు ఉంటుంది. చూపించినందుకు వాటా వస్తుంది కాబట్టి, చూసే మనుషులు లేకపోతే తయారు చేస్తారు. మెథ్‌బాట్ అనే ముఠా 2016 చివర్లో బయటపడింది. డేటా సెంటర్లలో దాదాపు 2,000 సర్వర్లు అద్దెకు తీసుకుని, వాటితో మనుషుల్లా నటింపజేశారు. మౌస్ కదిలేది, పేజీ కిందికి జరిగేది, వీడియో మధ్యలో ఆగేది, ఫేస్‌బుక్‌లో లాగిన్ అయి ఉన్నట్టు కూడా కనిపించేది. పేరున్న వేలాది సైట్ల అడ్రసులను నకలు చేశారు. ఆ సైట్లకు పైసా చేరలేదు, ఆ ప్రకటనలను ఏ మనిషీ చూడలేదు. ప్రకటనదారుల నుంచి 70 లక్షల డాలర్లకు పైగా లాగేశారు. సూత్రధారి అలెగ్జాండర్ జుకోవ్‌కు 2021లో అమెరికా కోర్టు పదేళ్ల జైలు వేసింది.

అందులో డబ్బు క్లిక్కుకు కాదు, ప్రకటన చూసినందుకు. అయినా మనకు పనికొచ్చే లెక్క ఒకటుంది. ఆ సర్వర్లను ఇళ్లలోని కంప్యూటర్లుగా చూపించడానికి వాళ్లు వాడిన ఐపీ అడ్రస్‌లు (నెట్‌లో ఒక్కో కనెక్షన్‌ను గుర్తించే నంబర్లు) 6,50,000కు పైగా. గూగుల్ యాడ్స్‌లో ఒక క్యాంపెయిన్‌కు మనం బ్లాక్ చేయగలిగేవి 500. అనుమానం వచ్చిన ఐపీలను రోజూ ఏరివేస్తూ కూర్చోవడం ఎంతవరకు సాగుతుందో దీన్నిబట్టే తెలుస్తోంది. అమెచ్యూర్ పోటీదారును ఆపడానికి అది చాలు, ముఠాను ఆపలేదు.

ఇక అసలు నష్టం సంగతి. ఇప్పుడు బిడ్‌లు, అంటే వేలంలో క్లిక్కుకు ఎంత ఇస్తామో చెప్పే ధరలు, చాలావరకు మనం చేత్తో పెట్టడం లేదు. ‘నాకు ఎంక్వైరీలు కావాలి’ అని చెప్పి గూగుల్ లాంటి యాడ్ ప్లాట్‌ఫాంకు వదిలేస్తున్నాం. ఫారం ఎవరు నింపారో, ఏ సైట్ నుంచి, ఏ వేళలో వచ్చారో చూసుకుని, అలాంటివాళ్లనే మరింతమందిని వెతికి తెస్తుంది. మనిషి ఫారం నింపితే మనుషులను తెస్తుంది. బాట్ నింపితే? తెల్లవారుజామున మూడింటికి వచ్చే ఆ ట్రాఫిక్కే దానికి బంగారంలా కనిపిస్తుంది. తక్కువ ఖర్చుకు ఎక్కువ ఫలితం! మర్నాడు బడ్జెట్‌లో ఇంకాస్త అటు మళ్లిస్తుంది. దొంగ సైట్లు క్లిక్కుతో ఆగకుండా ఫారాలు కూడా నింపేది ఇందుకే. క్లిక్కు డబ్బు రీఫండ్‌గా తిరిగి రావచ్చు. తప్పుగా నేర్చుకున్న మెషిన్ అదే దారిలో పెట్టిన ఖర్చుకు రీఫండ్ ఉండదు.

కాబట్టి కాపలా పెట్టాల్సింది క్లిక్కు దగ్గర కాదు, ‘ఇది మంచి ఫలితం’ అని మనం ప్లాట్‌ఫాంకు చెప్పే చోట. ప్రతి క్లిక్కుతో పాటు గూగుల్ ఒక ఐడీ పంపుతుంది. దాన్ని ఎంక్వైరీతో పాటు దాచుకోవాలి. సేల్స్‌వాళ్లు ఫోన్ చేసి, మనిషి నిజమైనవాడే, అవసరం నిజమైనదే అని తేల్చాకే ఆ ఐడీని మంచి ఫలితంగా గూగుల్‌కు వెనక్కి పంపాలి. అమ్మకం పూర్తయ్యాక పంపితే ఇంకా మేలు గానీ, నెలకు అయిదారు అమ్మకాలే ఉంటే మెషిన్ నేర్చుకోవడానికి అవి చాలవు. అందుకే మధ్యలో ఫోన్ దశను పట్టుకోవడం నయం. సేల్స్‌వాళ్లు ఈ అదనపు కాలమ్ నింపడానికి విసుక్కుంటారు. ఈ ఏర్పాటులో అన్నిటికంటే కష్టమైన భాగం టెక్నాలజీ కాదు, అదే.

సెట్టింగ్స్ గురించి రెండు మాటలు. సెర్చ్ క్యాంపెయిన్‌లో పార్ట్‌నర్ సైట్లు, డిస్‌ప్లే నెట్‌వర్క్ (గూగుల్ సెర్చ్ బయట వేరేవాళ్ల సైట్లలో, యాప్‌లలో యాడ్ చూపించే ఆప్షన్లు) టిక్ పెట్టి ఉన్నాయేమో చూసుకోండి, తీసేయండి. మొబైల్ గేమ్‌లలో పడే యాడ్‌ల మీద క్లిక్కులు చాలావరకు మోసం కూడా కాదు, ఆడుతున్న పిల్లాడి వేలు జారడమే. బడ్జెట్‌కు మాత్రం రెండూ ఒకటే.

దొంగ క్లిక్కులను అడ్డుకుంటామని అమ్మే టూల్స్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఎన్ని ఆపిందో ఆ టూలే లెక్క చెబుతుంది, ఆ లెక్క చూసే మనం రెన్యూవల్ కడతాం. అంతకంటే ఆపి చూడటం మంచి పరీక్ష. 2017లో సబ్బులు, షాంపూల కంపెనీ ప్రాక్టర్ అండ్ గాంబుల్ ఒక్క త్రైమాసికంలోనే 10 కోట్ల డాలర్లకు పైగా డిజిటల్ ఖర్చు తగ్గించి, అమ్మకాల మీద పెద్దగా ప్రభావం పడలేదని చెప్పింది. మన స్థాయిలో, అనుమానం ఉన్న ఒక ఛానెల్‌ను రెండు వారాలు కట్టేసి, నిజమైన అమ్మకాలు తగ్గాయో లేదో చూస్తే చాలు.

ఇదంతా మొదలుపెట్టే ముందు పైవాళ్లకు ఒక విషయం చెప్పి పెట్టుకోవాలి. అదే ఖర్చుకు వంద ఎంక్వైరీలు వస్తూ, అందులో ఇరవై దొంగవి తీసేస్తే, ఒక్కో ఎంక్వైరీ ఖర్చు రిపోర్ట్‌లో 25 శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. ముందే చెప్పకపోతే శుభ్రం చేసినవాడి మీదకే తప్పు వస్తుంది. ఎంక్వైరీల సంఖ్య చూసి ఫీజు తీసుకునే ఏజెన్సీ ఈ పనిని తనంతట తాను ఎందుకు మొదలుపెట్టదో కూడా అక్కడే అర్థమవుతుంది.