సర్వే ఫారంలో నూతికి గడి లేదు

కొన్నేళ్ళ కిందట మా ఎంబీఏ పిల్లల ప్రాజెక్టు కోసం విశాఖ శివారులో ఒక ఊరికి వెళ్ళాను. ఊరి పేరూ, పక్కనున్న కంపెనీ పేరూ ఇక్కడ అవసరం లేదు. కంపెనీ వాళ్ళు సీఎస్‌ఆర్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత) నిధులతో ఊళ్ళో మంచినీళ్ళ ప్లాంటు కట్టించారు. బిళ్ళ వేస్తే క్యాను నిండుతుంది. దాని మీదే మా సర్వే. "ఈ సౌకర్యంతో మీరు ఎంత సంతృప్తిగా ఉన్నారు?" అని అడగాలి, ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న గడుల్లో ఒకదానికి టిక్కు పెట్టాలి. అలా వంద మందిని అడగాలి.

వరసలో నిలబడ్డ ఒక మామ్మ, "ఐదే యేసుకో బాబూ, నీళ్ళు బాగానే ఉంటాయి" అంది. మా కుర్రాడు టిక్కు పెట్టుకుని పక్క మనిషి దగ్గరికి కదలబోయాడు. ఆవిడ వదల్లేదు. "మరి మా నూతి సంగతి ఎక్కడ రాసుకున్నావు? కంపెనీ రాకముందు మావు ఆ నీళ్ళే తాగేవోళ్ళం. ఇప్పుడు గొడ్లు కూడా మూతి పెట్టవు" అంది. కుర్రాడు ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. నూతికి గడి లేదు. చివర్లో "ఇతర అభిప్రాయాలు" అని ఒక గీత ఉంటే దాని మీద రాసుకున్నాడు. తర్వాత డేటా కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు గడుల్లోని అంకెలే ఎక్కాయి, గీత మీద రాసింది ఎక్కలేదు. సగటు నాలుగు దాటింది. లబ్ధిదారులు చాలా సంతృప్తిగా ఉన్నారని ముగింపులో రాశారు. మంచి మార్కులు పడ్డాయి. వేసింది నేనే.

ఆ మామ్మ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. వ్యాపార నీతి, కార్పొరేట్ సామాజిక బాధ్యత మీద మన దగ్గర జరిగే పరిశోధనలో ఎక్కువ భాగం ఆ ఫారం లాంటిదే అని నా నమ్మకం. చట్టం ప్రకారం కంపెనీ లాభంలోంచి ఇచ్చిన 2 శాతం ఎటు పోయిందో పైసాతో సహా లెక్కపెడతాం. ఆ లాభం ఎలా వచ్చిందో, దాని కోసం పక్క ఊరు ఏం పోగొట్టుకుందో అడగం. ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఐఐఎం, గీతం, సబ్బవరం న్యాయ విశ్వవిద్యాలయం అన్నీ ఇక్కడే, విశాఖ చుట్టుపక్కలే ఉన్నాయి. రిఫైనరీ, పోర్టు, ఉక్కు ఫ్యాక్టరీ, ఫార్మా కంపెనీలూ ఇక్కడే ఉన్నాయి. చదువులకీ ఫ్యాక్టరీలకీ మధ్య గంట ప్రయాణం. అయినా చదువు అక్కడిదాకా వెళ్ళడం లేదు.

మన థీసిస్‌లలో మొదటి అధ్యాయం దాదాపు ఒకేలా ఉంటుంది. 1953లో హోవర్డ్ బోవెన్ వ్యాపారి సామాజిక బాధ్యతల మీద పుస్తకం రాశారు. 1970లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ లాభం పెంచడమే వ్యాపారం బాధ్యత అన్నారు. 1984లో ఎడ్వర్డ్ ఫ్రీమన్ వాటాదారులే కాదు, వ్యాపారం వల్ల ప్రభావితమయ్యే వాళ్ళందరినీ లెక్కలోకి తీసుకోవాలన్నారు. 1991లో ఆర్చీ కరోల్ ఈ బాధ్యతలన్నిటినీ ఒక పిరమిడ్‌గా పేర్చారు. అడుగున ఆర్థిక బాధ్యత, దాని మీద చట్టం, దాని మీద నీతి, శిఖరాన దాతృత్వం. పిల్లలు ఈ బొమ్మను పరీక్షలో కళ్ళు మూసుకుని గీస్తారు. రెండో అధ్యాయానికి వచ్చేసరికి మాత్రం కింది మెట్లు మూడూ మాయమై, శిఖరం ఒక్కటే మిగులుతుంది. బడికి బల్లలు, ఆసుపత్రికి అంబులెన్సు, బస్‌స్టాప్‌కి షెడ్డు. చట్టాన్నీ నీతినీ దాటేసి నేరుగా దానధర్మాల దగ్గరికి వెళ్ళిపోతాం.

దీనికి 2013 కంపెనీల చట్టం కూడా కొంత కారణం. దాని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 500 కోట్ల నికర విలువ గానీ, 1000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ అంతకు ముందు మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. మంచి చట్టమే. ఇప్పుడు దేశమంతా కలిపి ఏటా 25 వేల కోట్ల రూపాయలకు పైగా ఈ పద్దులో ఖర్చవుతోంది. పరిశోధకులకు కూడా పండగే, ఎందుకంటే ఏ కంపెనీ ఎంత ఖర్చు పెట్టిందో, ఏ రంగానికి, ఏ రాష్ట్రానికి ఇచ్చిందో కూర్చున్న చోటనే దొరుకుతుంది. దొరికిన అంకెల చుట్టూ ప్రశ్నలు అల్లుకోవడం మొదలైంది. సీఎస్‌ఆర్ చేస్తే లాభం పెరుగుతుందా, షేరు ధర పెరుగుతుందా? ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. 1972 నుంచి 2002 వరకు దీని మీద వచ్చిన 127 అధ్యయనాలను మార్గొలిస్, వాల్ష్ అనే ఇద్దరు పరిశోధకులు 2003లోనే లెక్కపెట్టారు. మంచి చేయడం కంపెనీకి గిట్టుబాటు అవుతుందా అన్న ప్రశ్నకే అంత శ్రమ పోస్తే, దాని వల్ల జనానికి ఏం ఒరిగిందో ఎవరు చూస్తారని వాళ్ళ బాధ. రెండు దశాబ్దాలు దాటినా మన దగ్గర అదే ప్రశ్న నడుస్తోంది.

గట్టి ప్రశ్నలు వేసిన వాళ్ళు లేకపోలేదు. కాచెన్, మూన్ అనే ఇద్దరు 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. అమెరికాలో దాదాపు 3000 కంపెనీల 15 ఏళ్ళ రికార్డు పరిశీలిస్తే, ఎక్కువ హాని చేసిన కంపెనీలే ఎక్కువ మంచి పనులు కూడా చేస్తున్నాయని తేలింది. ఒక చేత్తో చేసిన గాయానికి ఇంకో చేత్తో మందు రాయడం అన్నమాట. మన 135వ సెక్షన్ మీదే ధర్మపాల, ఖన్నా చేసిన పరిశోధన మరో సంగతి బయటపెట్టింది. అంతకు ముందు 2 శాతం కన్నా తక్కువ ఖర్చు చేసే కంపెనీలు చట్టం వచ్చాక పెంచాయి. 2 శాతం కన్నా ఎక్కువ ఖర్చు చేసేవి తగ్గించుకున్నాయి. కనీసం ఇంత చేయమని చట్టం అంటే, ఇంత చేస్తే చాలని అర్థం చేసుకున్నట్టుంది. ఇలాంటి అధ్యయనాలను మన థీసిస్‌లు రెఫరెన్సుల్లో పేర్కొంటాయి. కాచెన్, మూన్ అడిగిన ప్రశ్నను ఇక్కడి ఫ్యాక్టరీల పక్కనున్న గాజువాకకో, మల్కాపురానికో, పరవాడకో తెచ్చి అడిగితే ఏం వస్తుందన్నది మాత్రం అలాగే మిగిలిపోతోంది.

ఆ ప్రశ్న ఇక్కడ అడగాల్సిన అవసరం ఎంతుందో 2020 మే 7 తెల్లవారుజామున తెలిసింది. విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులోంచి, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చింది. నిద్రలో ఉన్న జనం లేచి పరిగెత్తారు, పరిగెత్తుతూనే రోడ్ల మీద, కాలవల్లో పడిపోయారు. 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు.

స్టైరీన్ ఊరికే ఉండే ద్రవం కాదు. వేడెక్కితే దాని అణువులు తమంతట తాము ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, ఆ కలయికలో ఇంకా వేడి పుడుతుంది, ఆ వేడికి కలయిక ఇంకా వేగం అందుకుంటుంది. అందుకే దాన్ని ఎప్పుడూ చల్లగా ఉంచాలి, టీబీసీ అనే నిరోధక రసాయనం తగినంత కలుపుతూ ఉండాలి. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ ఆగిపోయి ట్యాంకు కదలకుండా ఉండిపోయింది. నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ జూలై 6న నివేదిక ఇచ్చింది. ఉష్ణోగ్రత కొలిచే సాధనం ట్యాంకు అడుగు భాగానికే పరిమితమని, పైన ఎంత వేడెక్కిందో తెలిసే దారే లేదని అది చెప్పింది. నిరోధక రసాయనం సరిపడా లేదని, చల్లబరిచే ఏర్పాటులో లోపాలున్నాయని చెప్పింది. నన్ను కలచివేసింది వేరే విషయం. ఫ్యాక్టరీలో 36 చోట్ల నుంచి సైరన్ మోగించే ఏర్పాటు ఉంది, గేటు దగ్గర కూడా ఉంది. ఆ రాత్రి ఒక్కటీ మోగలేదు.

కరోల్ పిరమిడ్‌లో ఈ సైరన్ ఎక్కడ పెడతాం? దాతృత్వంలో కాదు కదా. అది చట్టం, నీతి కలిసే చోట ఉంటుంది. భోపాల్ ఘోరం తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41బి అనే సెక్షన్ చేర్చారు. ప్రమాదకర పదార్థాలు వాడే ఫ్యాక్టరీ యజమాని ఆ ప్రమాదమేమిటో, దాన్నుంచి ఎలా కాపాడుకోవాలో కార్మికులకే కాదు, చుట్టుపక్కల జనానికి కూడా చెప్పాలని ఆ సెక్షన్ అంది. వెంకటాపురంలో ఎంతమందికి స్టైరీన్ అన్న మాట ఆ రోజుకు ముందు తెలుసు? గాలి ఎటు వీస్తుంటే ఎటు పరిగెత్తాలో ఎంతమందికి ఎవరైనా చెప్పారు? ఇవి ఇంటింటికీ తిరిగి అడగగలిగిన ప్రశ్నలు. సీఎస్‌ఆర్ సర్వేకు పట్టేంత సమయమే వీటికీ పడుతుంది.

ఇక్కడ ఫ్రీడ్‌మన్ గురించి ఒక మాట. సీఎస్‌ఆర్‌కు శత్రువు ఎవరంటే మా పిల్లలు మొదట ఆయన పేరే చెబుతారు. కానీ ఆయన కూడా లాభం వేటకు ఒక హద్దు గీశారు. ఆట నియమాలకు లోబడి, మోసం లేకుండా సంపాదించాలన్నారు. తాము ఉత్పత్తి చేస్తున్న పరిమాణానికి చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని ఎల్‌జీ పాలిమర్స్ 2019లో స్వయంగా అఫిడవిట్‌లో రాసిచ్చింది. అంటే ఫ్రీడ్‌మన్ పెట్టిన అతి తక్కువ పరీక్షలో కూడా నిలబడని వ్యవహారం అది. పెద్ద పెద్ద సిద్ధాంతాల దాకా వెళ్ళక్కర్లేదు, నియమాలు పాటించారా లేదా అని చూసినా మన పరిశోధన సగం దారి వెళ్ళినట్టే.

1997 సెప్టెంబరు 14న విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీ మంటల్లో దాదాపు 60 మంది పోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక ఫార్మా కంపెనీలో పేలుడుకు 17 మంది బలయ్యారు. మధ్యలో జరిగినవి ఇంకా ఉన్నాయి. వీటి మీద మేనేజ్‌మెంట్ పరిశోధన ఎందుకు ఇంత తక్కువ? డేటా ఒక కారణం. స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు బాధ్యతా నివేదిక ఇవ్వాలన్న నియమం తప్పనిసరి చేసింది. అందులో కార్మికుల గాయాల లెక్క, చుట్టుపక్కల జనం ఫిర్యాదుల లెక్క ఉంటాయి. మంచిదే. కానీ స్టాక్ మార్కెట్‌లో లేని కంపెనీ ఆ లెక్కలోకి రాదు. పరిశోధకుడు లిస్టెడ్ కంపెనీల డేటాబేస్ తెరిచి కూర్చుంటే, మనకు పది కిలోమీటర్ల దూరంలో రియాక్టర్ నడుపుతున్న ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ అతని శాంపిల్‌లో పడదు. విశాఖ పాత ఊళ్ళో పోర్టు పక్క ఇళ్ళలో గచ్చు తుడిస్తే గుడ్డ నల్లగా వస్తుంది. ఆ గుడ్డ కూడా డేటానే. దాన్ని తీసుకోవాలంటే కుర్చీలోంచి లేవాలి.

రెండో కారణం చెప్పడం కష్టం, కానీ చెప్పాలి. డబ్బు. 2021లో మార్చిన నిబంధనల ప్రకారం, మూడేళ్ళ సగటున 10 కోట్లు, ఆపైన సీఎస్‌ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలు కోటి రూపాయలు, ఆపైన ఖర్చయిన ప్రాజెక్టులకు స్వతంత్ర సంస్థ చేత ఇంపాక్ట్ అసెస్‌మెంట్, అంటే వాటి వల్ల ఏం ఒరిగిందో అంచనా, చేయించాలి. స్వతంత్ర సంస్థే, కానీ ఎంచుకునేది కంపెనీ, ఫీజు ఇచ్చేదీ కంపెనీయే. ఆ పనులు విశ్వవిద్యాలయాలకూ వస్తాయి. ఆ కంపెనీలకే మా పిల్లలు ఇంటర్న్‌షిప్‌కు వెళ్ళాలి, క్యాంపస్ సెలెక్షన్లకు ఆ కంపెనీలే రావాలి. నూతి గురించి గట్టిగా రాస్తే వచ్చే ఏడాది గేటు తెరవరేమోనన్న టెన్షన్ ప్రతి గైడ్‌కూ ఉంటుంది. నాకూ ఉండేది. దాన్ని పిరికితనం అని కొట్టిపారేయలేను, పిల్లల ఉద్యోగాల సంగతి అది. అందుకే ఒక్కో అధ్యాపకుడి ధైర్యం మీద దీన్ని వదిలేయకూడదంటాను. కంపెనీ కట్టే అసెస్‌మెంట్ ఫీజు ఒక ఉమ్మడి నిధికి వెళ్ళి, అక్కడి నుంచి పరిశోధకులకు కేటాయింపు జరిగితే, ఎవరి డబ్బుతో ఎవరి గురించి రాస్తున్నామన్న ఇబ్బంది చాలావరకు పోతుంది. నివేదిక మొదట ఆ ఊరి పంచాయతీ ఆఫీసులో, తెలుగులో పెట్టాలి. ఇప్పుడు మన పరిశోధన అంతా ఇంగ్లీషులో ఉంటుంది. ఎవరి గురించి రాశామో వాళ్ళు చదవలేరు, తప్పు రాస్తే దిద్దలేరు.

మన నేల మీదే పుట్టిన ఒక ఆలోచన మన సిలబస్‌లో లేకపోవడం నాకు అన్నిటికన్నా బాధ. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో గిరిజనుల భూముల్లో గనుల లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. 1997 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు లీజులు చెల్లవంది. నికర లాభంలో కనీసం 20 శాతం పక్కన పెట్టి, ఆ ప్రాంతంలో నీటి వనరులకు, బడులకు, ఆసుపత్రులకు, పారిశుద్ధ్యానికి, రోడ్లకు శాశ్వత నిధిగా వాడాలని కూడా చెప్పింది. అడవిని మళ్ళీ పెంచే ఖర్చును ఈ 20 శాతంలో కలపకూడదంది. అంటే చేసిన నష్టాన్ని పూడ్చడం వేరు, జనానికి వాటా ఇవ్వడం వేరు అని 2 శాతం చట్టానికి 16 ఏళ్ళ ముందే ఈ జిల్లా గొడవలోంచి ఒక సూత్రం వచ్చింది. జిల్లా మూడు ముక్కలయ్యాక అనంతగిరి ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది, అది వేరే సంగతి. పిరమిడ్ గీయించే ముందు ఈ తీర్పు చదివిస్తే, మంచినీళ్ళ ప్లాంటు నష్టాన్ని పూడ్చడమా, వాటా ఇవ్వడమా అని పిల్లలు తమంతట తామే అడుగుతారు. నూతిని బాగుచేయించే బాధ్యత ఎవరిది, అది అయ్యాక ఊరికి ఇవ్వాల్సింది ఎంత అని రెండు లెక్కలు వేస్తారు. ఇప్పుడు రెండూ ఒకే గడిలో కలిసిపోయి, దానికి ఐదు మార్కులు పడుతున్నాయి.

ఈ ఏడాది మా పిల్లలకు ఇచ్చిన ఫారంలో మొదటి పేజీ మార్చాం. కంపెనీ రాకముందు ఏ నీళ్ళు తాగేవారు, ఏ పని చేసేవారు, ఫ్యాక్టరీలో ఏం తయారవుతుందో మీకు ఎవరైనా చెప్పారా, సైరన్ ఎప్పుడైనా విన్నారా, వింటే ఎటు వెళ్ళాలో తెలుసా అని అడుగుతున్నాం. ఈ ప్రశ్నల పక్కన గడులు పెట్టలేదు, చోటు వదిలాం. రాసుకోవడానికి టైమ్ ఎక్కువ పడుతోందని, వందకు బదులు ముప్పై మందినే అడగగలుగుతున్నామని పిల్లలు అంటున్నారు. ముప్పై చాలన్నాను. వచ్చే నెల ఆ పాత ఊరికి కూడా వెళ్తున్నాం. ఆ మామ్మ కనిపిస్తే ముందు నూతి దగ్గరికి తీసుకెళ్ళమని అడగాలి. నీళ్ళ శాంపిల్ కోసం రెండు సీసాలు, మూతలతో సహా, డిపార్ట్‌మెంట్‌లో సిద్ధంగా పెట్టాం.